దెబ్బ లేని బిళ్ళ

ఆదోనిలో ఎవరికైనా గజ్జల్లో బిళ్ళ కట్టిందంటే ముందుగా అడిగే మాట ఒకటే. "దెబ్బ యాడ తగిలింది?" కాలిలో ముల్లు విరిగినా, రాయి తగిలి గోరు లేచినా గజ్జల్లో బిళ్ళ కడుతుంది. దెబ్బ మానితే కరిగిపోతుంది. ఇది ఏ డాక్టరూ చెప్పాల్సిన సంగతి కాదు, గోలీలాడే పిల్లలకు కూడా తెలుసు. మరి దెబ్బే లేకుండా బిళ్ళ కడితే? అప్పుడు ఎవరూ ఏమీ అడగరు. మొగుడి ముఖం ఒకసారి, పెళ్ళాం ముఖం ఒకసారి చూసి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంటారు. సవాయి అంటారు దాన్ని. పరాయి ఆడవాళ్ళ దగ్గరికి పోయి తెచ్చుకునే రోగం. ఆ మాట బయటికి అనే పని కూడా లేదు, ఆ కొంగే చెప్పేస్తుంది.

ఎనభై ఏడో సంవత్సరం ఎండాకాలంలో చోటే సాబ్‌కు కట్టింది అలాంటి బిళ్ళే.

చోటే సాబ్ దూదేకుల మనిషి. దూదేకే విల్లు భుజాన వేసుకుని, దబ్బనాలూ దారాలూ సంచిలో పెట్టుకుని ఊళ్ళు తిరుగుతాడు. కోసిగి, దేవనకొండ, గోనెగండ్ల, ఎక్కడ పరుపో బొంతో కుట్టాలన్నా ఆయనకే కబురు. ఒక్కో ఊళ్ళో నాలుగైదు రోజులు మకాం పడుతుంది. భార్య లాలాబీ ఆదోనిలో పత్తి మిల్లుకు పోతుంది. కుప్ప ముందు కూర్చుని, పురుగు పట్టిన మచ్చ పత్తిని ఏరి పారేయడం ఆమె పని. వాళ్ళకు పిల్లలు కలగలేదు. దానికి ఏడ్చే రోజులు ఎప్పుడో అయిపోయాయి. ఆయన ఊళ్ళు తిరిగి వస్తే ఆమె రొట్టెలు చేసి ముందు కూర్చోవడం, ఏ ఊళ్ళో ఎవరు ఎంత పిసినారో చెప్పుకుని ఇద్దరూ పడీపడీ నవ్వడం, ఆ ఇంట్లో సంసారమంటే అదే. చోటే సాబ్‌కు అంతకుమించి ఏమీ అక్కర్లేదు కూడా.

గోనెగండ్లలో బావి దగ్గర స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. గచ్చకాయంత ఉంది. నొక్కితే నొప్పి లేదు. చోటే సాబ్ అక్కడే బండ మీద కూర్చుని రెండు కాళ్ళూ తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఎక్కడా గీత కూడా లేదు. పోతుందిలే అనుకుని పంచె కట్టుకున్నాడు.

పోలేదు. ఇంటికొచ్చాక లాలాబీ చూసింది.

"కాలు సూపీ," అంది నవ్వుతూ. "ముల్లు లోపలే ఉండాదేమో. మొద్దు పాదాలు నీవి, పాము కరిసినా తెలీదు నీకు."

గుమ్మం దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, పాదం ఒళ్ళో పెట్టుకుని, పిన్నీసుతో వెతికింది. వేళ్ళ సందుల్లో వెతికింది, మడమ పగుళ్ళలో వెతికింది. పత్తిలో ఇంత మచ్చ ఉన్నా ఆమె వేళ్ళకు దొరక్కుండా పోదు. కానీ ఆ పాదాల్లో ఏమీ దొరకలేదు. నవ్వుతూ మొదలుపెట్టిన మనిషి రెండో పాదం దించేసరికి నవ్వడం మానేసింది. అప్పటికీ ఏమీ అనలేదు.

అన్నది పక్కింటి అక్బర్‌బీ. కొళాయి దగ్గర బిందె నిండేలోగా అనేసింది. "ఊర్లెమ్మట తిరిగే మొగోడు. దెబ్బ లేకుండా బిళ్ళ. నీకు నేను సెప్పాల్నా లాలాబీ? ఒట్టి అమాయకురాలివే నువ్వు." ఇలాంటి నోళ్ళు ప్రతి వీధికీ ఒకటి ఉంటాయి. వాటికి జబ్బూ రాదు, చావూ రాదు.

ఆ రోజు నుంచి చోటే సాబ్ పక్క వసారాలోకి మారింది. నీళ్ళు తాగే గలాసు వేరయింది. రొట్టెలు మాత్రం మానలేదు, చేసి పెట్టి లోపలికి పోయేది. కొట్లాడినా బాగుండేది ఆయనకు. ఎదురుగా కూర్చోకుండా పోవడం తట్టుకోలేకపోయాడు.

"అల్లా తోడు మే. నేను యాడికీ పోలేదు."

"నేనేమన్నా అన్నానా?"

"అనకపోతే గలాసు ఏమిటికి మార్సినావు?"

ఆమె రొట్టెల పళ్ళెం ఆయన ముందుకు జరిపింది. కళ్ళ నిండా నీళ్ళున్నాయి. నమ్మాలనే ఉంది పాపం, కానీ నమ్మడానికి ఆమెకొక దెబ్బ కావాలి. చిన్నదైనా చాలు.

దెబ్బ ఉంటే చాలు కదా! కోసిగిలో బసప్ప ఇంటి అరుగు మీద బొంత కుడుతుంటే ఆ ఆలోచన వచ్చింది చోటే సాబ్‌కు. మధ్యాహ్నం అన్నాలు తిని ఇంటివాళ్ళు నడుం వాల్చారు. చేతిలో జానెడు దబ్బనం ఉంది. నేను చెప్పేది నిజం, ఆ నిజానికి ఒక్క సాక్ష్యమే తక్కువ, అది నేనే తెచ్చుకుంటా అనుకున్నాడు. మడమలో పొడుచుకుంటే నడక పోతుంది, వేళ్ళ దగ్గరైతే విల్లు పట్టి నిలబడలేడు. అందుకని పాదం మధ్యలో, మెత్తగా ఉండే గుంతలో దబ్బనం మొన పెట్టి, కళ్ళు మూసుకుని, లాలాబీ పేరు తలుచుకుని అదిమాడు. పిచ్చి నాయన! అరవకుండా తలపాగా కొరుక్కున్నాడు. రక్తం బసప్ప బొంత మీద పడితే మళ్ళీ ఆ భాగం విప్పి కుట్టాల్సి వచ్చింది.

"దబ్బనం మీద కాలేసినా మే," అన్నాడు ఇంటికొచ్చి, కుంటుతూ. "లోపల ముందే ఏదో ఉన్నట్టుండాది, మనకు తెలీలా. ఇప్పుడు సీము బయటపడింది."

లాలాబీ ఆ పాదం పట్టుకుని బావురుమంది. వేడినీళ్ళు పెట్టి కడిగింది, పసుపు అద్దింది, పాత చీర చింపి కట్టు కట్టింది. "ఆ అక్బర్‌బీ నోట్లో మన్ను పడ," అని తిట్టింది. "దాని మాట ఇని నిన్ను వసారాలో పండబెట్టినా, నన్ను కొట్టయ్యా," అంది. కొడతాడా! ఆయన ఏడుస్తూ నవ్వుతున్నాడు.

విచిత్రమేమంటే, పుండు మానుతుంటే బిళ్ళ కూడా నిజంగానే తగ్గింది. గచ్చకాయంత ఉన్నది కందిగింజంత అయింది. ఎందుకు తగ్గిందో అప్పుడు ఎవరికీ తెలియదు. ఆ రోగం తీరే అంత, తనంతట తాను పొంగుతుంది, తనంతట తాను తగ్గుతుంది, మనిషిని ఆశ పెట్టి ఆడిస్తుంది. చోటే సాబ్‌కు మాత్రం తన అబద్ధమే నిజమైనట్టు అనిపించింది. ఆ ఏడు పీర్ల పండగకు ఇద్దరూ కలిసి వెళ్ళారు. గలాసు మళ్ళీ ఒకటే అయింది.

దీపావళి దాటాక మెడలో కట్టింది. ఆ తర్వాత చంకలో, మళ్ళీ గజ్జల్లో, ఈసారి రెండు వైపులా. మెడలోది దాచడానికి తువ్వాలు చుట్టుకునేవాడు. పక్కలో పడుకునే పెళ్ళాం దగ్గర తువ్వాలు ఎన్నాళ్ళు దాస్తుంది? ఒకరోజు పొద్దున లాలాబీ తువ్వాలు తీసింది, చూసింది. ఆ తర్వాత గుమ్మం దగ్గర కూర్చుని పాదం ఒళ్ళో పెట్టుకుంది.

దబ్బనం దిగిన మచ్చ కనిపించింది. దాని మీద వేలు పెట్టి చూసింది. తర్వాత ఆ పాదాన్ని నేల మీద ఆనించి, "నిలబడు," అంది. నిలబడ్డాడు. ఆమె తన వేళ్ళు పాదం కింద గుంతలోకి దూర్చింది. వేళ్ళు సులువుగా దూరాయి.

"ఈడ కాలు నేలకే ఆనదు," అంది. "ఆనని సోట దబ్బనం ఎట్ల దిగె?"

చోటే సాబ్ పాదం వెనక్కి తీసుకోబోయాడు. లాలాబీ వదల్లేదు.

"దాని మీద కాలేసినా అంటివి. కాలేస్తే మడమకు దిగాల, ఏళ్ళ కాడ దిగాల. ఈడెట్ల దిగె?"

"నేనే పొడుసుకున్నా," అన్నాడు. "నువ్వు నమ్మల్లని పొడుసుకున్నా మే. తప్పు సెయ్యలేదు నేను."

"తప్పు సెయ్యనోడు కాలు పొడుసుకుంటాడా?"

నిజం చెప్పేవాడు ఒక్క అబద్ధం ఆడితే, ఆ అబద్ధం బయటపడ్డ రోజున అంతకుముందు చెప్పిన నిజమంతా దానితోపాటే పోతుంది. చోటే సాబ్‌కు అదే జరిగింది. ఇక మిగిలింది ఒక్కటే, రక్తం చూపించుకోవడం. డాక్టరు దగ్గర తేలిపోతుంది అన్నాడు ఆయనే. పద అంది ఆమె.

బజారులో దామోదరం డాక్టరు ఇద్దరి రక్తమూ తీయించాడు. మంచివాడే ఆయన, కసురుకోడు. రెండు రోజుల తర్వాత పిలిచి, ముందు లాలాబీతో, "నీకేం లేదమ్మా," అన్నాడు. తర్వాత చోటే సాబ్ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "నీ రక్తంలో ఉండాది. భయపడాకు. మా తాతల కాలంలో దీనికి మనుషులు కుళ్ళి సచ్చేవాళ్ళు. ఇప్పుడేముంది, నాలుగు సూదులకు పోతాది."

"సార్, నేను యాడికీ పోలేదు సార్."

"అందరూ అట్లే అంటారప్పా," అన్నాడు దామోదరం, నవ్వకుండానే.

లాలాబీ బయటికొచ్చి మెట్ల మీద ఆగింది. "నోరు అబద్ధం సెప్తాది. కాలూ అబద్ధం సెప్పింది. రగతం కూడా అబద్ధం సెప్తాదా?" అంది. ఆ సాయంత్రం బస్సుకే ఎమ్మిగనూరు వెళ్ళిపోయింది. అక్కడ ఆమె తమ్ముడు గఫూర్ సాబ్‌కు మగ్గం ఉంది.

సూదులు వేయించుకున్నాడు చోటే సాబ్. చేయని తప్పుకు సూదులు! వేయించుకుంటే పోతుంది, పోతే ఆమె వస్తుంది అనుకున్నాడు. బిళ్ళలు పోలేదు సరికదా, మెడ చుట్టూ వరసగా లేచాయి. ఒళ్ళు తగ్గింది. పడుకుంటే చెమటకు పక్క తడిసేది. విల్లు భుజాన పెట్టుకుంటే బరువనిపించేది. ఎమ్మిగనూరు రెండుసార్లు వెళ్ళాడు. మొదటిసారి గఫూర్ సాబ్ వాకిట్లోనే నిలబెట్టి మాట్లాడాడు. రెండోసారి, "అక్క లోపల పని మీద ఉండాది బావా," అని తలుపు దగ్గరికి లాగాడు. అదే ఇంట్లో ఒకప్పుడు చోటే సాబ్ వస్తే కోడి కోసేవాళ్ళు.

ఆఖరికి దామోదరం డాక్టరుకే అనుమానం వచ్చింది. ఇన్ని సూదులకు కరగని సవాయి ఉండదు. "కర్నూలు పెద్దాసుపత్రికి పో. మెడలో ముక్క తీసి చూస్తారు," అన్నాడు.

అక్కడ ప్రభావతి అనే డాక్టరమ్మ చూసింది. ముక్క తీయించింది. సవాయిని పక్కాగా తేల్చే ఇంకో పరీక్ష ఉందని రక్తం మద్రాసుకు పంపించింది. జవాబు వచ్చేదాకా చోటే సాబ్ ఆసుపత్రి వరండాలోనే పడున్నాడు. చచ్చిపోతానేమో అన్న ఆలోచన ఆ మనిషికి ఒక్కసారి కూడా రాలేదంటే నమ్మండి. ఆయనకున్న దిగులల్లా ఒకటే, లాలాబీ.

పిలిచి కూర్చోమంది డాక్టరమ్మ. కూర్చోకముందే అడిగాడు. "నాది సవాయేనా మేడం?"

"కాదు."

"ఇంకోసారి సెప్పండి మేడం."

"కాదయ్యా. మద్రాసు పరీక్షలో లేదని వచ్చింది. నీకు ఎప్పుడూ రాలేదు."

చోటే సాబ్ కుర్చీ పట్టుకుని కింద కూలబడ్డాడు. ఏడుపు ఆగాక, "మరి ఆదోనిలో రగతం ఎందుకట్ల సెప్పె?" అని అడిగాడు. "దానికే నా పెండ్లాం పోయింది మేడం. మిల్లులో మచ్చ పత్తి ఏరుతాది. నన్నూ అట్లే ఏరి పారేసింది."

డాక్టరమ్మ ఆ మాటనే పట్టుకుంది. తొందరపడకుండా చెప్పింది.

"ఆ పని మన ఒంట్లో కూడా జరుగుతుందయ్యా. బిళ్ళల్లో జరుగుతుంది. కాలికి దెబ్బ తగిలి క్రిములు దూరితే, వాటికి అతుక్కుని పట్టేసే విరుగుడును అక్కడి కణాలు తయారుచేస్తాయి. మొదట అది సరిగ్గా అతకదు. అందుకని ఆ కణాలు విరుగుడును తయారుచేసే తమ జన్యువునే కొంచెం కొంచెం మార్చుకుంటాయి. గుడ్డిగా మార్చుకుంటాయి, ఏది ఎలా కుదురుతుందో వాటికీ తెలియదు. బాగా అతికే విరుగుడు చేసిన కణం బతుకుతుంది. అతకనిది చావాలి. మన ఒంటికే అతుక్కునే తప్పుడు విరుగుడు చేసిందీ చావాలి. చచ్చేవే ఎక్కువ. అవి చస్తేనే దెబ్బ మానాక బిళ్ళ కరుగుతుంది."

"నాది కరగల్యా."

"నీలో అవి చావడం మానేశాయి. కణాన్ని చావకుండా కాపాడే జన్యువు ఒకటుంది. అవసరం ఉన్నంతసేపు పనిచేసి ఊరుకోవాలి. ఎప్పుడో ఒక కణంలో అది తన చోటు నుంచి తెగిపోయి, విరుగుడు చేసే జన్యువు పక్కన పోయి అతుక్కుంది. అప్పటినుంచి ఊరుకోవడం లేదు. ఆ కణం చావదు, దాని నుంచి పుట్టినవీ చావవు. చావకుండా ఆ మార్చుకునే పని మాత్రం చేస్తూనే ఉంటాయి. ఏరి పారేయాల్సిన తప్పులన్నీ అలాగే మిగిలిపోతాయి. అందులో ఏదో ఒకటి చేసిన తప్పుడు విరుగుడు, ఆదోనిలో పరీక్షకు వాడిన మందుకు అతుక్కుని ఉంటుంది. సవాయి వాళ్ళ రక్తం కూడా దానికి అలాగే అతుక్కుంటుంది. అదే జరిగిందని గట్టిగా చెప్పలేను. ఇవన్నీ ఈమధ్యే తెలుస్తున్నాయి. నాకు మాత్రం అలాగే అనిపిస్తోంది."

చోటే సాబ్‌కు అందులో సగం అర్థమైంది. ఆ సగం చాలు ఆయనకు. కళ్ళు మెరుస్తున్నాయి. డాక్టరమ్మ ఇంకా చెబుతోంది. ఇది క్యాన్సరని చెప్పింది. నెమ్మదిగా పెరిగే రకమని చెప్పింది. మాత్రలిస్తే తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది, పూర్తిగా పోగొట్టే మందు ఇప్పటికి లేదని చెప్పింది. కొన్నేళ్ళు అంది. ఆయన అది పట్టించుకోలేదు.

"విన్నావా, చోటే సాబ్?"

"ఇన్నాను మేడం. సవాయి కాదని నా పెండ్లాంతో సెప్పొచ్చునా?"

డాక్టరమ్మ ఆయన ముఖంలోకి చూసింది. ఇలాంటి కబురు విని నవ్విన మనిషిని ఆమె ఎప్పుడూ చూసి ఉండదు. "చెప్పు," అంది చివరికి. మాత్రల చీటీ చేతిలో పెట్టింది.

కర్నూలు బస్టాండులో జిలేబీ పొట్లం కట్టించుకున్నాడు. బస్సు గోనెగండ్లలో ఆగితే దూరంగా ఆ బావి కనిపించింది. అప్పుడు బండ మీద కూర్చుని కాళ్ళు తిప్పి చూసుకున్నది గుర్తొచ్చి, ఎంత వెర్రివాణ్ణి, లేని దెబ్బ కోసం వెతుక్కున్నానే అని తనలో తనే నవ్వుకున్నాడు. పక్క సీటాయన కొంచెం జరిగి కూర్చున్నాడు.

గఫూర్ సాబ్ ఇంట్లో మగ్గం ఆడుతోంది. లాలాబీ గోడకు ఆనుకుని రాట్నం తిప్పుతూ కండెలు చుడుతోంది. చిక్కిపోయింది. చోటే సాబ్ గడప దాటలేదు. వీధంతా వినాలని వాకిట్లో నిలబడి అరిచాడు.

"లాలాబీ! నాది సవాయి కాదంట! కర్నూలు పెద్దాసుపత్రి డాక్టరమ్మ సెప్పింది. మద్రాసుకు పంపి సూపిచ్చిందంట. రగతం అబద్ధం సెప్పిందంట మే!"

ఎదురింటి వాళ్ళు బయటికొచ్చారు. మగ్గం ఆగింది. చోటే సాబ్ ఊపిరాడకుండా చెప్పుకుపోతున్నాడు. "మన ఒంట్లో గూడా నీ మాదిరి ఏరేది ఉంటాదంట. మచ్చ పడినవన్నీ సావాలంట. నా ఒంట్లో అవి సావడంల్యా. సావకుండా కూసోని పిచ్చి మందు తయారుజేసినాయంట. అదే ఆదోనిలో పట్టుకునింది. దెబ్బ ల్యాకుండానే బిళ్ళలు కట్టేది అందుకేనంట. నేను యాడికీ పోలేదని తేలిపోయింది మే!"

గఫూర్ సాబ్ మగ్గం గుంతలోంచి లేచి వచ్చాడు. "లోపలికి రా బావా," అన్నాడు. చాలా రోజుల తర్వాత అన్న మాట అది. "సవాయి కాకపోతే మరి ఏం రోగమంట?"

"క్యాన్సరంట," అన్నాడు చోటే సాబ్, అదే సంతోషంతో.

లాలాబీ చేతిలో దారం తెగింది. రాట్నం దానంతట అది రెండు చుట్లు తిరిగి ఆగింది.

"సూదులకు పోతాదా?" అని అడిగింది.

"పోదంట. మాత్రలకు తగ్గి మళ్ళా వస్తాదంట. కొన్నేండ్లు..." అని ఆగిపోయాడు. డాక్టరమ్మ అన్న మాట ఆయన చెవికి అప్పుడు వినిపించింది, తన నోటి నుంచి. నవ్వు ముఖం మీద అలాగే ఉంది, దాన్ని ఏం చేయాలో ఆయనకు తెలియలేదు.

లాలాబీ వచ్చి గడప మీద కూర్చుంది. ఆయన్ను చెయ్యి పట్టి పక్కన కూర్చోబెట్టుకుంది. ఆ పాదాన్ని ఒళ్ళోకి తీసుకుని, గుంతలో మచ్చ ఉన్న చోట బొటనవేలు పెట్టి అదిమి పట్టుకుంది.

"సవాయే అయ్యింటే బాగుండు కదయ్యా," అంది. "నువ్వు తప్పు సేసింటే బాగుండు. నాలుగు సూదులతో పోయేది. నిన్ను తిట్టుకుంటా, కొట్టుకుంటా ఎట్లో బతికేదాన్ని కదా."

"నేను సెయ్యలేదు మే."

"తెలుసు," అంది లాలాబీ.

ఆ ఒక్క మాట కోసమే చోటే సాబ్ కాల్లో దబ్బనం దించుకున్నాడు. ఇప్పుడు దాన్ని వింటూ, ఆమె భుజానికి తల ఆనించి, చావడానికి భయపడి ఏడ్చాడు.